రెండు వరుసల మధ్య చోటు

మొన్నామధ్య తెనాలి స్టేషన్లో రిజర్వేషన్ కౌంటరు ముందు నిలబడ్డాను. లోపలి అమ్మాయి కింది బెర్తు ఒకటి మిగిలిందని చెప్పి, మీటలు నొక్కుతూనే తల అడ్డంగా ఊపింది. ఇంకేదో ఊళ్ళో ఎవరో ఈలోపే తీసేసుకున్నారట. ఇద్దరూ సరిగ్గా ఒకే క్షణంలో అడిగితే ఏమవుతుందని అడిగాను. అట్టా కుదరదు తాతగారూ, ఒకళ్ళు పట్టుకోగానే దానికి తాళం పడుద్ది, వాళ్ళ పనయ్యేదాకా రెండోవాళ్ళు ఆగాల్సిందే అంది. నా వెనక వరసలో ఉన్నావిడ కంప్యూటరు ఉద్యోగం చేస్తుందట, దాన్ని మ్యూటెక్స్ అంటారని చెప్పింది.

ఆ మాట వినడం నాకు అదే మొదటిసారి. ఆ పని మాత్రం నేను ఎప్పుడో చేశాను. డెబ్బైల మొదట్లో, బాపట్లలో, ఒక శనివారం మధ్యాహ్నం ఖాళీ క్లాసురూములో, చేతిలో సుద్దముక్క పట్టుకుని రెండో ప్రోగ్రాముగా నిలబడ్డాను. మొదటి ప్రోగ్రాము మా కాలేజీ లెక్కల మాస్టారు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. పేరు రాయను. ఆయన గురించి చెప్పాలంటే వాళ్ళ ఇంట్లో జరిగింది చెప్పక తప్పదు. ఇంటి సంగతి బయట చెప్పుకునే మనిషి కాదు ఆయన.

ఆ కాలేజీలో తెలుగు చెప్పడానికి చేరేనాటికి నాకు ఇరవై ఆరేళ్ళు. నా కాపురం తెనాలిలో. సోమవారం పొద్దున్నే బాపట్ల వెళ్ళి, వారమంతా అద్దెగదిలో ఉండి, శనివారం మధ్యాహ్నం బండికి ఇల్లు చేరేవాణ్ణి. ఆయన నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. పెళ్ళి చేసుకోలేదు. సన్నగా, కాస్త ముందుకు వంగి నడిచేవారు. బోర్డు తుడవడానికి డస్టరు వెతుక్కునే ఓపిక లేక చొక్కా చేతితోనే తుడిచేవారు. అందుకని ఎప్పుడు చూసినా ఆయన ఎడమ చెయ్యి మోచేతిదాకా తెల్లగా ఉండేది.

స్టాఫ్‌రూము గుమ్మం దగ్గర ఎవరైనా ఎదురైతే ఆయన ఆగిపోయేవారు. ఎదుటి మనిషి కూడా మర్యాదకి ఆగితే అసలు కదిలేవారు కాదు. చివరికి ఎదుటివాళ్ళు ఇబ్బందిపడి ఒక అడుగు వేస్తే, సరిగ్గా అప్పుడే తనూ వేసేవారు. మళ్ళీ ఇద్దరూ ఆగేవారు. అప్పుడాయన ముఖంలోకి నవ్వు వచ్చేది. వెక్కిరింపు నవ్వు కాదు, దారిలో తెలిసినవాళ్ళు కనిపిస్తే వచ్చే నవ్వు. హాజరు పట్టీలో సంతకం చేసేముందు పక్కవాళ్ళని మీరు చేస్తున్నారా అని అడిగేవారు. ఉమ్మడి సుద్దముక్కల పెట్టెలో చెయ్యి పెట్టేముందు గదంతా ఒకసారి చూసేవారు. కొందరు అతిమర్యాద అన్నారు. కొందరు కాస్త తేడా అన్నారు. ఆయన పక్క కుర్చీ ఎప్పుడూ ఖాళీగానే ఉండేది.

మా ఇద్దరినీ కలిపింది శనివారం బండి. ఆయన సొంతవూరు రేపల్లె. అక్కడ అక్కగారు ఒక్కరే ఉండేవారు, ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. బాపట్ల నుంచి తెనాలిదాకా ఇద్దరం ఒకే పెట్టెలో కూర్చునేవాళ్ళం. తెనాలిలో దిగాక ఆయన రేపల్లె బండి కోసం గంటా గంటన్నర ఆగాలి. మొదట్లో మర్యాద కోసం పది నిమిషాలు ఆయనతో కూర్చుని ఇంటికి వెళ్ళేవాణ్ణి. తర్వాత తర్వాత ఆ బండి కదిలేదాకా ఉండటం అలవాటైంది. ఎందుకింత ఆలస్యమని మా ఆవిడ అడిగితే బండి లేటన్నాను, చాలా శనివారాలు.

ఆ బెంచీ మీద ఆయన ఒక నోటుబుక్కు తెరిచేవారు. ప్రతి పేజీకీ నడుమ నిలువు గీత. గీతకి ఎడమవైపు ఎర్ర పెన్సిలుతో ఏడెనిమిది వరుసలు, కుడివైపు నీలం పెన్సిలుతో ఏడెనిమిది వరుసలు. ఎడమవైపు పై వరుస మీద ఒక చింతపిక్క పెట్టేవారు. కుడివైపు పై వరుస మీద ఒక చొక్కా గుండీ. ఒకసారి పిక్కని ఒక వరుస కిందికి జరిపేవారు, ఒకసారి గుండీని. ఒక్కోసారి పిక్కని అక్కడే వదిలేసి గుండీని నాలుగు వరుసలు దించి, అలాగే చూస్తూ కూర్చునేవారు. టీ చల్లారిపోయేది.

అదేంటని అడిగాను. అడిగినవాణ్ణి నేనొక్కణ్ణేనని తర్వాత తెలిసింది.

అంతకు రెండేళ్ళ ముందు ఎండాకాలం సెలవుల్లో మద్రాసులో కాలేజీ లెక్చరర్లకి ఆరు వారాల తరగతులు పెడితే ఆయన వెళ్ళారు. అక్కడ కంప్యూటరు చూపించారు. అదొక గదంత ఉందని, లోపల చలిగా ఉందని చెప్పారు. మా స్టాఫ్‌రూములో సగంమందికి అప్పటికి కంప్యూటరంటే పత్రికల్లో చదివిన మాట. ఒక రోజు అక్కడి ప్రొఫెసరు, ఇకముందు ఒకే యంత్రంలో రెండు ప్రోగ్రాములు కలిసి నడుస్తాయని, రెండూ ఒకే సమాచారం మీద చెయ్యి వేస్తే చిక్కు వస్తుందని చెప్పారట. ఆ చిక్కు బోర్డు మీద చూపించారట. మాస్టారు లేచి నిలబడి, అది ఇంకొకసారి చెప్పమని అడిగారు. ఆ పూట ఆయన అన్నం తినలేదు. ఈ సంగతి ఆయన నాకు చెప్పినప్పుడు లెక్క మీద ఇష్టం అనుకున్నాను.

నోటుబుక్కులో ఎడమ వరుసలు ఒక ప్రోగ్రాము, కుడి వరుసలు ఇంకొకటి, ఏది ఎందాకా నడిచిందో చూపడానికి పిక్కా గుండీ. ఆ చిక్కు నాకు ఇలా చెప్పారు. ఇద్దరు మనుషులు, ఇద్దరికీ కలిపి ఒకే పలక. పలక మీద అయిదు అని ఉంది. మొదటివాడు వచ్చి అయిదు చదివాడు, దానికి ఒకటి కలపాలి. కలిపి రాసేలోపల రెండోవాడు వచ్చాడు, అతనూ అయిదే చదివాడు. మొదటివాడు ఆరు రాశాడు. రెండోవాడూ ఆరే రాశాడు. రెండుసార్లు కలిపితే పలక మీద ఏడుండాలి, ఆరే ఉంది.

"ఎవరిది తప్పు మాస్టారూ?" అని ఆయన నన్ను అడిగారు.

రెండోవాడిదన్నాను. వాడు కాస్త ఆగి చూసుకోవలసింది.

"అందరూ అదే అంటారు" అని ఆయన ప్లాట్‌ఫారం చివరికి చూశారు. ఆ రోజు ఇంక పుస్తకం తెరవలేదు.

మరో వారం ఆయనే మొదలుపెట్టారు. రెండోవాడు ఎంత చూసుకున్నా లాభం లేదట. చూడటం ఒక వరుస, రాయడం ఇంకో వరుస. ఆ రెండు వరుసల మధ్య చోటుంది. ఆ చోట్లో ఏమైనా జరగొచ్చు. జాగ్రత్త చాలదు, పద్ధతి కావాలి అనేవారు. ఈ మాట ఆయన నోట ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. ఒకరు లోపల ఉండగా రెండోవారు రాకుండా గుమ్మానికి తాళం ఉండాలి. ఆ తాళం ఎలా వెయ్యాలన్నదే ఆయన లెక్క. తాళం ఉందో లేదో చూడటం ఒక వరుస, వెయ్యడం ఇంకో వరుస. మళ్ళీ మధ్యలో చోటు.

మా ఫిజిక్సు లెక్చరరు ఒకసారి, ఆ గొడవంతా ఎందుకండీ, ఒక ప్రోగ్రాము అయ్యాక ఇంకోటి నడిపిస్తే సరిపోయె కదా అన్నాడు. ఇంట్లో ఇద్దరుంటే ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు బతుకుతారా అని ఈయన అడిగారు. ఫిజిక్సాయన నవ్వేశాడు. ఈయన నవ్వలేదు.

బాపట్లలో కంప్యూటరు లేదు. ఆయన ప్రోగ్రాము కాగితాల మీద పెద్ద అక్షరాలతో రాసి, మద్రాసులో ఆ తరగతుల్లో పరిచయమైన ఒకాయనకి పోస్టులో పంపేవారు. అక్కడ వాటిని కార్డుల మీద బెజ్జాలుగా కొట్టి యంత్రంలో నడిపించి, వచ్చిన కాగితాలు తిరుగు టపాలో పంపేవారు. మూడు వారాలు పట్టేది. ఒక్కోసారి ఒక కామా తప్పు పడినందుకు మొత్తం తిరిగొచ్చేది. మళ్ళీ మూడు వారాలు. రెండు ప్రోగ్రాములు కలిసి నడిచే యంత్రం అక్కడా లేదు కాబట్టి, ఎప్పుడు ఎవరు ఒక వరుస దిగాలో చీటీ తీసినట్టు యంత్రమే తేల్చేలా రాసి పంపేవారు. వేలసార్లు సవ్యంగా నడిచి, ఎక్కడో ఒక్కసారి ఇద్దరూ లోపలికి వెళ్ళిపోయేవారు. ఆ ఒక్కసారి పడిన వరుస కింద ఎర్రగీత గీసి ట్రంకుపెట్టెలో దాచేవారు. ఆయన గదిలో మంచం, పొయ్యి, ఆ పెట్టె, అంతే.

ఒక్క మనిషితో ఈ లెక్క చూడటం కష్టమని ఆయనే అన్నారు. పిక్కనీ గుండీనీ రెంటినీ తనే జరిపితే, తెలియకుండానే తనకి కావలసినట్టు జరుపుతున్నానేమోనని అనుమానం. అందుకని ఒక శనివారం కాలేజీ వదిలాక నన్నూ, అటెండరునీ ఆపారు.

బోర్డు మీద రెండు గళ్ళు గీశారు. ఒకటి ఆయనది, ఒకటి నాది. బోర్డు ముందు నేల మీద సుద్దతో ఒక గుండ్రం గీశారు. ఒకసారి ఒక్కరే అందులోకి వెళ్ళాలి. ఎదుటివాడి గడి చూడు, ఖాళీగా ఉంటే నీ గడిలో టిక్కు పెట్టు, గుండ్రంలోకి వెళ్ళు, బయటికొచ్చి టిక్కు తుడువు. నాకూ అదే చీటీ, తనకీ అదే చీటీ. అటెండరు ఎవరిని చూపించి చప్పట్లు కొడితే వాళ్ళు ఒక్క పని చెయ్యాలి, అంతకు మించి చెయ్యకూడదు. అటెండరుకి ఇది బాగా నచ్చింది. ఇద్దరు లెక్చరర్లని అలా ఆడించే అవకాశం అంతకుముందు అతనికి రాలేదు.

నేను ఆయన గడి చూశాను, ఖాళీ. అటెండరు ఆయన్ని చూపించాడు. ఆయన నా గడి చూశారు, ఖాళీ. నేను టిక్కు పెట్టాను. ఆయన టిక్కు పెట్టారు. ఇద్దరం గుండ్రంలో భుజాలు తగిలేలా నిలబడ్డాం. ఇది పని చెయ్యదని నాకు తెలుసు అన్నారు ఆయన. తెలిసి కూడా, ఇద్దరం ఒకే గుండ్రంలో ఉన్న ఆ క్షణాన ఆయన ముఖం పాలిపోయింది.

రెండో పద్ధతిలో ముందు టిక్కు పెట్టాలి, ఆ తర్వాత ఎదుటి గడి చూడాలి, అక్కడ టిక్కు ఉంటే ఆగాలి. ఇద్దరం టిక్కులు పెట్టాం. ఇద్దరం చూశాం. ఇద్దరం ఆగాం. అటెండరు మా ఇద్దరి వైపూ మార్చి మార్చి చప్పట్లు కొట్టి, "ఏంటండీ, ఇద్దరూ అట్టా నిలబడిపోయారు?" అన్నాడు. మూడో పద్ధతిలో ఎదుటివాడి టిక్కు కనపడితే మన టిక్కు తుడిచేసి, కాసేపాగి మళ్ళీ పెట్టాలి. ఇద్దరం పెట్టాం, చూశాం, తుడిచాం, మళ్ళీ పెట్టాం, మళ్ళీ తుడిచాం. గుండ్రం ఖాళీగానే ఉంది. ఆ రోజు నా బండి తప్పిపోయింది.

ఆ మూడో పద్ధతి దగ్గర ఆయన రెండేళ్ళు ఆగిపోయారు. రేపల్లె లైను ఒంటిపట్టాలది. ఎదురెదురుగా రెండు బళ్ళు రాకుండా, స్టేషను మాస్టరు ఇచ్చే టోకెను చేతిలో ఉంటేనే డ్రైవరు కదలాలి. ఒక శనివారం ఆ టోకెను చేతులు మారడం చూస్తూ, వీళ్ళకేం మాస్టారూ, పైన చెప్పే మనిషి ఉన్నాడు, మూడో మనిషి ఉంటే ఎంత తేలిక అన్నారు. నా ఇద్దరికీ పైన ఎవరూ లేరు అన్నారు. ఆ మాటలో ఏదో నాకు అందలేదని మాత్రం తెలిసింది.

ఆ తర్వాత పద్ధతి దొరికింది. ఎలా తట్టిందో చెప్పలేదు, సోమవారం పొద్దున నేను బండి దిగేసరికి స్టేషన్లో నిలబడి ఉన్నారు. అలా ఎప్పుడూ రాలేదు. అక్కడే నేల మీద చూపించారు. రెండు గళ్ళకి నడుమ ఇంకొక గడి. నీ గడిలో టిక్కు పెట్టు. నడిమి గడిలో ఎదుటివాడి పేరు రాయి, అంటే వంతు వాడికిచ్చావన్నమాట. వాడి గడిలో టిక్కు ఉండి, నడుమ వాడి పేరే ఉంటే నువ్వాగు. లేకపోతే లోపలికి వెళ్ళు. ఇద్దరూ ఒకేసారి వచ్చి, ఇద్దరూ ఎదుటివాడి పేరే రాసినా, ఆ గడిలో ఒక్క పేరే నిలుస్తుంది. ఎవరు ఆఖరున మర్యాద చేస్తే వాళ్ళు ఆగుతారు. రెండోవాళ్ళు వెళ్తారు.

ఎన్ని రకాలుగా చూసినా అది తప్పలేదు. మద్రాసు పంపారు. ఈసారి కాగితాలతోపాటు ఉత్తరం వచ్చింది. ఈ చిక్కుకి విడుపు విదేశాల్లో పదేళ్ళ కిందటే దొరికిందని, మీకు ఆ వ్యాసాలు అందినట్టు లేదని, అయినా మీది దానికంటే పొట్టిగా ఉంది కాబట్టి రాసి పంపమని. ఆ ఉత్తరం నేనూ చదివాను. అన్నేళ్ళ పనీ ఎవరో ముందే చేసేశారు. ఆయన ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నారు.

"అయితే నిజంగానే కుదురుతుందన్నమాట" అన్నారు. అంతే. వ్యాసం రాయలేదు. వచ్చే శనివారం తనతో రేపల్లె దాకా రాగలనా అని అడిగారు. అన్నేళ్ళ పరిచయంలో లెక్క పనికి కాకుండా ఆయన నన్ను ఏదైనా అడగడం అదే మొదలు.

బండి వేమూరు దాటాక చెప్పారు. కిటికీలోంచి చేలవైపు చూస్తూ, లెక్క చెప్పినంత మెల్లగా చెప్పారు.

అరవైల నడుమ సంగతి. వాళ్ళమ్మకి చక్కెర జబ్బు. రోజూ పొద్దున ఇన్సులిన్ సూది వెయ్యాలి. అక్కగారు నేర్చుకున్నారు, ఈయనా నేర్చుకున్నారు. ఈయన ఇంటికి వచ్చినప్పుడు ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళు వేసేవారు. పొరపాటు రాకూడదని కిటికీ ఊచకి ఒక చిన్న పుస్తకం కట్టుకున్నారు. సూది వేసినవాళ్ళు ఆ రోజు తేదీ ఎదురుగా టిక్కు పెట్టాలి. వెయ్యబోయేవాళ్ళు ముందు పుస్తకం చూడాలి. అంత జాగ్రత్త ఉన్న ఇల్లు అది.

ఒక రోజు, అప్పటికి వాళ్ళమ్మకి రెండు రోజులుగా జ్వరం. మగతలో ఉంది. అక్కగారు పుస్తకం చూశారు, టిక్కు లేదు. సూది వేసి, సిరంజి వేణ్ణీళ్ళ గిన్నెలో పెట్టారు. అప్పుడే పాలతను పిలిచాడు. పాలగిన్నె పట్టుకుని బయటికి వెళ్ళారు. ఈయన నూతి దగ్గర స్నానం చేసి లోపలికి వచ్చారు. పుస్తకం చూశారు, టిక్కు లేదు. సిరంజి ఎప్పటిలాగే వేణ్ణీళ్ళలో ఉంది. సూది వేశారు. టిక్కు పెట్టారు. అక్కగారు పాలు తీసుకుని లోపలికి వచ్చి పుస్తకం వైపు చూస్తే టిక్కు ఉంది, తనే పెట్టి మరిచిపోయాననుకున్నారు. మధ్యాహ్నానికి తల్లికి చెమటలు పట్టాయి, పిలిస్తే పలకలేదు. డాక్టరుగారు వచ్చి జ్వరం తలకెక్కిందన్నారు. చీకటి పడకముందే పోయింది.

సమాధి కార్యక్రమం అయిన మూడో రోజున ఈయన మందు సీసా తీసి చూశారు. ఉండాల్సినదానికంటే ఒక మోతాదు తక్కువుంది. సీసా తను పెట్టిన చోట లేదు. అంటే అక్కగారు అప్పటికే చూశారు.

"ఆమె నన్నేమీ అడగలేదు. నేనామెని అడగలేదు" అన్నారు. ప్రతి శనివారం వెళ్తున్నారు. ఆమె వండుతుంది, ఈయన తింటారు. ఆదివారం ఇద్దరూ చర్చికి వెళ్తారు, ఒకే పాటల పుస్తకంలో చూసి పాడతారు. సాయంత్రం బండికి వచ్చేస్తారు. అప్పటికి పదకొండేళ్ళు.

ఆయన పక్కన కూర్చుని నాకు ఒకటే గుర్తొచ్చింది. తెనాలి బెంచీ మీద, రెండోవాడిదే తప్పని నేను చెప్పిన మాట. క్షమించమని అడగాలనిపించింది. అడిగేలోపల బండి రేపల్లెలో ఆగింది.

అక్కగారు ఆయనలాగే సన్నగా, నడుం నిటారుగా ఉన్నారు. రండి బాబూ, తమ్ముడు మీ గురించి చెబుతుంటాడు అని కుర్చీ వేశారు. ఆయన నా గురించి ఏం చెప్పి ఉంటారో ఊహించలేకపోయాను. మంచినీళ్ళు తాగాక ఆయన, స్కూలుకి తీసుకెళ్ళే సుద్దముక్క ఒకటి ఇమ్మని ఆమెని అడిగారు. గోడకి ఆనించిన పలక మీద రెండు గళ్ళు, గచ్చు మీద గుండ్రం గీశారు. కాలేజీలో ఆడే ఆటక్కా, ఒకసారి ఆడదాం అన్నారు. అమ్మ సంగతి ఎత్తలేదు. ఆమె మొదటి మనిషి, నేను రెండో మనిషి, చప్పట్లు ఆయనవి. ఇచ్చింది మొదటి పద్ధతి చీటీలే.

ఆమె పలక చూశారు, నా గడి ఖాళీ. నేను చూశాను, ఆమె గడి ఖాళీ. ఆమె టిక్కు పెట్టారు, నేనూ పెట్టాను. ఆమె గుండ్రంలోకి వచ్చారు. నేను రావాలి. ఆ ఒక్క అడుగు వెయ్యడానికి నా కాలు లేవలేదు. ఆయన మళ్ళీ చప్పట్లు కొట్టారు. వెళ్ళి ఆమె పక్కన నిలబడ్డాను.

ఆమె పలక వంక చూశారు, గచ్చు మీద గీత వంక చూశారు.

"ఇది పాలతను పిలిచిన రోజు కదరా" అన్నారు.

ఆయన తల ఊపారు. వచ్చేముందు ఏమేం చెప్పాలో ఆయన అనుకునే ఉంటారు. బయటికి వచ్చినవి నాలుగు మాటలే. "నీ తప్పు కాదక్కా. నాది కూడా కాదు. పుస్తకం అట్టా పెట్టుకుంటే ఎవరింట్లో అయినా ఏదో ఒక రోజు అంతే. అది తేలింది."

"నీ తప్పని నేనెప్పుడనుకున్నాను?" అన్నారు ఆమె. "టిక్కు పెట్టకుండా పోయింది నేను. నువ్వు నాదే అనుకుంటున్నావని, అందుకే మాట్లాడవని..." అక్కడ ఆగి, కొంగుతో ముఖం తుడుచుకున్నారు. తర్వాత మామూలు గొంతుతో, స్కూల్లో పిల్లాడికి చెప్పినట్టు చెప్పారు. "ఇంత లెక్క ఎందుకురా. ఇచ్చావా అక్కా అని ఒక్క మాట అడిగితే సరిపోయేది కదా."

"ఆ రోజా, తర్వాతా?"

"ఎప్పుడైనా."

దొరికిన పద్ధతి కూడా చూపించాలని ఆయన నడిమి గడి గీయబోయారు. ఇక చాల్లే, అన్నం చల్లారుతుంది అని ఆమె పలక తీసి లోపల పెట్టేశారు. ఆయన సుద్దముక్క చేతిలోనే పట్టుకుని కాసేపు నిలబడ్డారు. ఎవరికోసం అన్నేళ్ళు వెతికారో ఆ మనిషికి దాని అవసరం లేకపోయింది. ప్రార్థన చేసి భోజనానికి కూర్చున్నాం. చేపల పులుసు చాలా బాగుందని నేను రెండుసార్లు అన్నాను.

అంతా తేటపడింది కదా, ఇక ఆయన హాయిగా ఉంటారనుకున్నాను. తర్వాతి శనివారం ఆయన బండికి రాలేదు. పేపర్లు దిద్దాలన్నారు. ఆ పై శనివారమూ రాలేదు. నేను గదికి వెళ్ళి అడిగాను. మంచం మీద కూర్చుని ఉన్నారు. నోటుబుక్కు బయట లేదు.

"ఇప్పుడు వెళ్తే మాట్లాడాలి మాస్టారూ" అన్నారు. "పదకొండేళ్ళు మాట్లాడకుండా ఎట్టా ఉండాలో మా ఇద్దరికీ తెలుసు. మాట్లాడి ఎట్టా ఉండాలో నాకు తెలియదు."

ఆ లెక్క ఉన్నన్నాళ్ళూ దాని వెనక ఆయన ఉన్నారు. అది తెమిలిపోయాక మంచం, పొయ్యి, పెట్టె మిగిలాయి. ఆ రెండు వారాల్లో ఆయన గుమ్మాల దగ్గర ఆగడం కూడా మానేశారు. తల వంచుకుని నేరుగా వచ్చేసేవారు, ఎదుటివాళ్ళే పక్కకి తప్పుకునేవారు. అది చూస్తే నాకు భయం వేసింది.

మూడో శనివారం మధ్యాహ్నం, కాలేజీ వదిలాక, గేటు దగ్గర అక్కగారు నిలబడి ఉన్నారు. ఒక చేతిలో గొడుగు, ఒక చేతిలో క్యారియరు. రేపల్లె నుంచి తెనాలి వచ్చి, అక్కడ బండి మారి వచ్చారు. తమ్ముడు ఉద్యోగం చేసే ఊరికి ఆమె రావడం అదే మొదటిసారట. గది చూపిస్తానని పక్కన నడిచాను. ఆయన గదున్న వీధి మలుపులో ఆమె ఆగి, గొడుగు మడుస్తూ అడిగారు.

"వాడు ఇక్కడ నవ్వుతాడా బాబూ?"

గుమ్మం దగ్గర ఇద్దరు ఆగిపోయినప్పుడు ఆయన ముఖంలోకి వచ్చేది గుర్తొచ్చింది. నవ్వుతారండీ, అప్పుడప్పుడూ అన్నాను.

"మా అమ్మ పోయిన కాడినుంచి నేను చూడలేదు. ఒకసారి చూసి పోదామని వచ్చాను" అన్నారు.

తలుపు ఆయనే తీశారు. ఆమెని చూసి పక్కకి జరిగారు. ఆమె లోపలికి వెళ్ళారు. నన్ను రమ్మనడం ఇద్దరికీ తోచలేదు. వసారాలో ఇంటివాళ్ళ బల్ల మీద కూర్చున్నాను. క్యారియరు గిన్నెలు విడదీసిన చప్పుడు వినిపించింది. మంచం కింద ఇంత దుమ్మేంట్రా అన్నారు ఆమె. ఆయన ఏదో అన్నారు. దోమతెర ఎప్పుడు ఉతికావని అడిగారు. దానికీ ఏదో అన్నారు. ఆ తర్వాత గొంతులు తగ్గాయి, మాటలు తెలియలేదు. ఒకసారి ఆమె, ఒకసారి ఆయన, ఒక్కోసారి ఇద్దరూ కలిపి.

నా బండి వేళ అయ్యేదాకా అక్కడే ఉన్నాను. నవ్వు వినిపించలేదు. మాటలు మాత్రం ఆగలేదు. చెప్పి వెళ్దామని ఒకసారి తలుపు దాకా వెళ్ళి, తట్టకుండా వెనక్కి వచ్చి, ఒక్కణ్ణే స్టేషనుకి నడిచాను.